ఫింగర్‌స్టైల్ గిటార్ ఎలా వినాలి? ముందు బొటనవేలు సంగతి చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ అండి. స్ట్రమ్మింగ్ (తీగలన్నీ ఒకేసారి గీసి వాయించడం) వచ్చు, నాలుగైదు కార్డులతో (కొన్ని స్వరాలు కలిపి పట్టే పట్టులతో) సినిమా పాటలు లాగించేస్తారు, ఫ్రెండ్ ఎవరో ఫింగర్‌స్టైల్‌లో, అంటే వేళ్ళతో తీగల్ని విడివిడిగా మీటి వాయించే పద్ధతిలో పేరున్న టామీ ఎమాన్యుయేల్ వీడియోలు పంపించి గిటార్ అంటే ఇదీ అన్నాడు, మీకేమో స్పీడ్ తప్ప ఇంకేం కనపడలేదు. తర్వాత గిటార్ బాడీ మీద దరువులేసే కుర్రాళ్ళ వీడియోలు కొన్ని చూస్తే అవన్నీ ఒకేలా అనిపించాయి. ఇందులో ఎవరు నిజంగా గొప్ప, ఎవరిది షో, అసలు ఏం వినాలి, స్ట్రమ్మింగ్ దగ్గర ఉన్నవాడు ఇటు రావచ్చా అని అడిగారు. చాలా ఏళ్ళుగా వాయిస్తున్నా, కొంతమందికి నేర్పిస్తున్నా కూడా, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తా, ఓపిక చేసుకోండి.

ముందు స్క్రీన్ ఆఫ్ చేసేయండి. నిజంగానే చెప్తున్నా. ఈ ఆటలో కళ్ళు చేసినంత మోసం ఇంకేదీ చెయ్యదు. నెక్ పైనుంచి చెయ్యి తిప్పి పెట్టడం, సౌండ్‌హోల్ పక్కన ఫట్‌మని కొట్టడం, ఎడమ చెయ్యి ఫ్రెట్‌బోర్డ్ (తీగలు నొక్కే మెట్ల పలక) అంతా పరిగెత్తడం, ఇవన్నీ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, కానీ చెవికి ఏం వస్తోందన్నది వేరే లెక్క. అదే వీడియోని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడియో మాత్రం వినండి, సగం వీడియోలు అక్కడే తేలిపోతాయి, మిగిలిన సగం గురించి మాట్లాడుకుందాం.

మొదట వినాల్సింది కుడిచేతి బొటనవేలు. లావు తీగలు మూడూ దాని చేతిలో ఉంటాయి, నాలుగో తీగ, ఐదు, ఆరు. పైన ట్యూన్ ఎన్ని వంకర్లు పోయినా, కింద ఇది మాత్రం గడియారంలా డుం చక్ డుం చక్ అని నడుస్తూనే ఉండాలి. సీ కార్డ్ పట్టుకున్నారనుకోండి, బొటనవేలు ఐదో తీగ, నాలుగో తీగ, ఆరో తీగ, మళ్ళీ నాలుగో తీగ, ఈ వరుసలో బీట్‌కి ఒకటి చొప్పున మీటుతూ పోతుంది. అదే టైంలో చూపుడు వేలు, మధ్య వేలు సన్న తీగల మీద పాట వాయిస్తాయి. కొన్ని నోట్లు బొటనవేలితో పాటు సరిగ్గా ఒకేసారి పడతాయి, దాన్ని పించ్ అంటాం, మిగిలినవి రెండు బీట్ల మధ్య సందులో పడతాయి. ఆ సందులో పడే నోట్లే అసలు ప్రాణం. బొటనవేలు నిటారుగా నడుస్తుంటే పాట దాని కంటే ఒక పిసరు ముందో వెనకో ఊగుతుంది, ఇద్దరు మనుషులు వాయిస్తున్నారన్న భ్రమ అక్కడే పుడుతుంది. నేర్చుకునే వాళ్ళకి ఏమవుతుందంటే, సందులో నోటు వేద్దామనుకోగానే బొటనవేలు కూడా దాని వెంట జారిపోతుంది, రెండూ కలిసిపోయి కూర్చుంటాయి. ఎవరి వీడియో అయినా పెట్టుకుని బాస్‌కి, అంటే బొటనవేలు వాయించే లావు తీగలకి తగ్గట్టు కాలితో తాళం వేసి చూడండి. కష్టమైన కార్డ్ మారే చోట మీ కాలు ఒక్క క్షణం ఆగాల్సి వచ్చిందంటే అక్కడ వాయించేవాడు తడబడ్డాడనే అర్థం, వేళ్ళు ఎంత వేగంగా కదిలినా సరే. పాట కోసం కావాలని నెమ్మదించడం వేరు, అది వింటే తెలిసిపోతుంది, ఊపిరి తీసుకున్నట్టుంటుంది.

మన వాళ్ళకి ఇది మరీ కొత్త విషయం కూడా కాదు. వీణ చూడండి, వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు, చూపుడు వేలు మధ్య వేలు రాగం మీటుతుంటే చిటికెన వేలు తాళం తీగల మీద పని చూసుకుంటుంది. ఈమని శంకరశాస్త్రి గారివో చిట్టిబాబు గారివో రికార్డింగులు ఉంటే ఈ దృష్టితో ఒకసారి వినండి, పైన అంత గమకం నడుస్తుంటే ఆ చిటికెన వేలు ఎంత నిబ్బరంగా ఉంటుందో. తేడా ఎక్కడంటే వీణలో ఆ తీగల శ్రుతి మారదు, గిటార్‌లో కార్డ్ మారినప్పుడల్లా బాస్ నోట్ కూడా మారాలి, అంటే ఎడమచెయ్యి కూడా రెండు ఉద్యోగాలు చెయ్యాలి. ఇంకోటి, మనం చిన్నప్పటి నుంచి ఒకే గొంతు వెంట వెళ్ళి వినడానికి అలవాటుపడ్డవాళ్ళం, పాట ఎటు పోతే చెవి అటే పోతుంది. అందుకే మీకు బాస్ విడిగా వినపడకపోవడంలో వింతేం లేదు. మొదట్లో పాటని వదిలేసి పనిగట్టుకుని కింద బాస్ మాత్రమే వినండి, రెండోసారి పాట మాత్రమే వినండి, ఆ తర్వాత రెండూ వాటంతట అవే విడివిడిగా వినపడ్డం మొదలెడతాయి.

రెండో సంగతి సౌండ్ ఎక్కువ తక్కువలు. ఇది నా దృష్టిలో అన్నిటికంటే కష్టమైంది, మామూలుగా ఎవరూ గమనించనిది కూడా. చేతిలో బలమైన వేలు బొటనవేలు, దాని కింద ఉన్నవి లావు తీగలు, కాబట్టి సహజంగా వదిలేస్తే బాస్ దంచేస్తుంది, పాటేమో పక్కింట్లో రేడియోలా వినపడుతుంది. మంచి ప్లేయర్ దీన్ని తిరగేస్తాడు. ఒకే పించ్‌లో, ఒకే క్షణంలో, బొటనవేలు మెత్తగా, ఉంగరం వేలు గట్టిగా! మీరే ఒకసారి గిటార్ తీసుకుని ఆరో తీగ, ఒకటో తీగ కలిపి మీటండి, ఒకటో తీగ మాత్రమే పైకి తేలేట్టు ప్రయత్నించండి, సంగతేంటో అర్థమవుతుంది. పాట తెలిసిన శ్రోతకి వీణ మీద కృతి వింటుంటే సాహిత్యం వినపడుతుంది కదా, ఇక్కడా అంతే, మీకు తెలిసిన పాట ఫింగర్‌స్టైల్‌లో వింటున్నప్పుడు లిరిక్ మీ నోట్లోకి దానంతటదే వచ్చిందంటే ఆ పైతీగ, అంటే పాట వాయించే సన్న తీగ, సరిగ్గా పలికినట్టే. తెలిసిన పాట అయ్యుండి కూడా ఎక్కడున్నామో వెతుక్కోవాల్సి వస్తే మాత్రం, అన్ని నోట్లూ ఒకే సైజులో కొట్టేస్తున్నాడని అర్థం.

ఈ పద్ధతి ఎక్కడిదంటే కొంచెం చరిత్ర చెప్పాలి. అమెరికాలో కెంటకీ రాష్ట్రం పడమటి వైపు, మ్యూలెన్‌బర్గ్ కౌంటీ అని బొగ్గు గనుల ప్రాంతం. అక్కడివాళ్ళు బొటనవేలికి థంబ్ పిక్ (తీగ మీటడానికి ఉంగరంలా పెట్టుకునే ముక్క) తొడుక్కుని ఇలా వాయించేవాళ్ళు, వాళ్ళలో మెర్ల్ ట్రావిస్ రేడియో పుణ్యమా అని దేశమంతా తెలిశాడు, అందుకే ఇప్పటికీ దీన్ని ట్రావిస్ పికింగ్ అంటున్నారు. అతను అరచేతి అంచుని బ్రిడ్జ్ (గిటార్ బాడీ మీద తీగలు బిగించే చోటు) దగ్గర బాస్ తీగల మీద ఆనించి ఉంచేవాడు, దాంతో బాస్ మోగీ మోగనట్టు పొడిగా తబ్ తబ్ అని వచ్చేది, పాటకి కావాల్సినంత చోటు మిగిలేది. 1930ల చివర్లో జార్జియాలో తండ్రి దగ్గర ఉంటున్న చెట్ ఆట్కిన్స్ అనే కుర్రాడు సిన్సినాటి నుంచి వచ్చే డబ్ల్యూఎల్‌డబ్ల్యూ రేడియోలో ఇది విన్నాడు. ట్రావిస్ వాడేది బొటనవేలు, చూపుడు వేలు, అంతే. రేడియోలో చెయ్యి కనపడదు కదా, ఇన్ని నోట్లు రావాలంటే ఇంకా వేళ్ళు వాడుతుండాలని చెట్ అనుకున్నాడు, అనుకుని బొటనవేలికి తోడు రెండు మూడు వేళ్ళతో సొంతంగా పద్ధతి తయారుచేసుకున్నాడు. కళ్ళు మూసుకుని వినమన్నది ఊరికే అనలేదండీ, కనపడకపోవడం వల్లే ఆయనకి కొత్త దారి దొరికింది. ఆ తర్వాత 1960ల మొదట్లో ఆస్ట్రేలియాలో ఏడేళ్ళ పిల్లాడు చెట్ రికార్డు రేడియోలో విన్నాడు, ఆ పిల్లాడే మీ ఫ్రెండ్ పంపిన టామీ ఎమాన్యుయేల్. 1999లో చెట్ స్వయంగా టామీకి సర్టిఫైడ్ గిటార్ ప్లేయర్ అనే బిరుదిచ్చాడు, అది ఆయన చేతుల మీదుగా అందుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. టామీకి స్టాఫ్ నొటేషన్ చదవడం రాదు, ఆ మాట ఆయనే చాలాసార్లు చెప్పుకున్నాడు.

టామీ వీడియోల్లో మీకు స్పీడే కనపడిందన్నారు కదా, తప్పేం లేదు, ఆయన స్పీడ్ అలాంటిది. కానీ ఫాస్ట్ పీసుల్లో కూడా బొటనవేలు ఎంత తీరిగ్గా ఉంటుందో వినండి, పరిగెత్తేది పైన వేళ్ళే. ఆ తర్వాత ఆయన నెమ్మదిగా వాయించిన పీసులు వెతుక్కుని వినండి. వాటిల్లో హార్ప్ హార్మోనిక్స్ అనేది తగులుతుంది, జలజలా జారినట్టు ఒక సౌండ్, మొదటిసారి వింటే అది గిటారేనా అన్న అనుమానం వస్తుంది. ఎలా అంటే, ఎడమచేత్తో కార్డ్ పట్టుకుంటారు, కుడి చూపుడు వేలి కొసని ఆ నొక్కిన చోటికి సరిగ్గా పన్నెండు ఫ్రెట్ల (మెట్ల) పైన తీగకి ఆనించీ ఆనించనట్టు పెడతారు, నొక్కకూడదు, ఆ వేలు అక్కడ ఉండగానే వెనకనుంచి బొటనవేలు అదే తీగని మీటుతుంది, గంటలా ఒక ఆక్టేవ్ (స్థాయి) పైన నోట్ పలుకుతుంది. వెంటనే ఉంగరం వేలు వేరే తీగని మామూలుగా మీటుతుంది. హార్మోనిక్ ఒకటి, మామూలు నోటు ఒకటి, ఇలా మారుస్తూ తీగ తర్వాత తీగ పోతారు. చూపుడు వేలు ఒక్క మిల్లీమీటర్ అటూ ఇటూ అయినా గంట పలకదు, టక్‌మని చప్పుడొస్తుంది. దీన్ని ఇంత ఎత్తుకి తీసుకెళ్ళింది లెన్నీ బ్రో అనే ఆయన, 1984లో చనిపోయాడు, చెట్‌కీ టామీకీ ఇద్దరికీ ఆయనంటే చెప్పలేనంత గౌరవం.

స్పీడ్ లేకుండా గొప్పగా ఉండటం ఎలాగో తెలియాలంటే మాత్రం ఇంకా వెనక్కి వెళ్ళాలి. మిసిసిపీ జాన్ హర్ట్ అనే పాతకాలం అమెరికన్ గాయకుడు 1928లో ఓకే (OKeh) అనే రికార్డు కంపెనీకి కొన్ని పాటలు రికార్డ్ చేశాడు, అమ్ముడుపోలేదు, తిరిగి పొలం పనికి వెళ్ళిపోయాడు. 1963లో ఒక అభిమాని, ఆయన పాటలో ఆవలాన్ మా ఊరు అన్న మాట పట్టుకుని ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్తే ఆయన అక్కడే ఉన్నాడు! అదే ఏడాది న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో వాయించాడు. ఆయన వేళ్ళలో విన్యాసాలేమీ లేవు, బొటనవేలు నడుస్తుంది, పైన నాలుగు నోట్లు, గొంతు మెత్తగా. అవే నాలుగు నోట్లు మనం వాయిస్తే అలా ఉండదు, ఎందుకుండదో నాకు చాలాకాలం బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది ఏంటంటే, ఏ రెండు నోట్లూ ఒకే బరువుతో పడవు ఆయన చేతిలో.

ఇక ఎలిజబెత్ కాటన్ అయితే ఇంకో వింత. నార్త్ కరోలినాలో కార్‌బరో అనే ఊళ్ళో పుట్టిన నల్లజాతి మహిళ, ఎడమచేతి వాటం. ఎడమచేతి వాళ్ళు మామూలుగా తీగలు తిరగేసి బిగించుకుంటారు, ఆవిడ అదేం చెయ్యకుండా కుడిచేతి వాళ్ళ గిటార్‌నే అలాగే తిరగేసి పట్టుకుంది. దాంతో సన్న తీగలు పైకి, లావు తీగలు కిందికి వచ్చాయి. అంటే బాస్ చూపుడు వేలు వాయించాలి, పాట బొటనవేలు వాయించాలి! అందుకే ఆవిడ పాటలో సన్న తీగకి ఒక గుండ్రటి, కండ ఉన్న సౌండ్ ఉంటుంది, వేరేవాళ్ళు అవే నోట్లు వాయించినా అది రాదు, ఎందుకంటే మిగతావాళ్ళకి ఆ తీగ మీద పడేది చూపుడు వేలి కొస. ఫ్రైట్ ట్రైన్ అనే పాట చిన్నపిల్లగా ఉన్నప్పుడే కట్టిందట. తర్వాత దశాబ్దాల పాటు గిటార్ దాదాపు మానేసింది, జానపద సంగీతంలో పేరున్న సీగర్ కుటుంబం ఇంట్లో పనిమనిషిగా చేస్తున్నప్పుడు గోడకున్న గిటార్ తీసి వాయిస్తుంటే వాళ్ళ కంటపడింది. మొదటి ఆల్బమ్ వచ్చేసరికి అరవై దాటింది, తొంభై ఏళ్ళ వయసు వచ్చాక గ్రామీ వచ్చింది. నా దగ్గరకొచ్చే పిల్లలు నాకు వయసైపోయింది సార్ అంటుంటారు, ఇరవై ఆరేళ్ళవాడు అనే మాటా అది.

మూడో సంగతి, ఆపడం. గిటార్‌లో నోట్ మోగించడం తేలిక, సమయానికి ఆపడమే కష్టం. ఓపెన్ తీగ (ఎడమచేత్తో నొక్కని తీగ) మీటి వదిలేస్తే అది మోగుతూనే ఉంటుంది, కార్డ్ మారినా పాత బాస్ ఇంకా వెనకాల గుంయ్ మంటుంటే కలగాపులగం అవుతుంది. దీని మీద ప్రాణం పెట్టినవాడు మైకేల్ హెడ్జెస్. బాల్టిమోర్‌లోని పీబాడీ కన్జర్వేటరీలో కంపోజిషన్ చదివినవాడు, గిటారిస్టు కంటే ముందు కంపోజర్‌గా ఆలోచిస్తాడు. 1984లో వచ్చిన ఆయన ఏరియల్ బౌండరీస్ ఆల్బమ్ టైటిల్ పీస్ వినండి, ఒకే గిటార్, ఒకే మనిషి, మీద ఇంకో ట్రాక్ కలిపింది కూడా కాదు. రెండు చేతులూ తీగల మీద కొడుతూ లాగుతూ ఉంటాయి, కానీ ఏ బాస్ ఎంతసేపు ఉండాలో అంతే ఉంటుంది, అక్కర్లేని క్షణంలో ఏదో ఒక వేలు వచ్చి దాన్ని మూసేస్తుంది. 1997లో కారు ప్రమాదంలో పోయాడు, నలభై నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఆయన ఉండి ఉంటే ఈ వాద్యం ఇంకెక్కడికి వెళ్ళేదో.

బాడీ మీద కొట్టే స్టైల్ గురించి కూడా అందుకే ఒక మాట. దాన్ని కొంతమంది సీనియర్లు సర్కస్ అని కొట్టిపారేస్తారు, నేను అలా అనను. 2006లో యూట్యూబ్‌లో ఆండీ మెక్కీ డ్రిఫ్టింగ్ వీడియో ప్రపంచమంతా తిరిగింది, దాని తర్వాతే చాలామంది కుర్రాళ్ళు ఇటొచ్చారు. అయితే ఇది ఆయనతో మొదలవ్వలేదు, హెడ్జెస్, ప్రెస్టన్ రీడ్ లాంటివాళ్ళు 1980ల్లోనే ఈ దారిలో ఉన్నారు. దీనికి నేను పెట్టే పరీక్ష ఒకటే, ఆ దెబ్బలన్నీ మనసులో తీసేసి వినండి, కింద పాట నిలబడిందా? నిలబడితే దెబ్బలు దానికి అందం. దెబ్బ కొట్టడానికి చెయ్యి వెళ్ళినప్పుడల్లా పాటలో నోట్ ఎగిరిపోతుంటే, సారీ, అది షోనే. డ్రిఫ్టింగ్‌లో ఎగిరిపోవు, కావాలంటే విని చూసుకోండి.

శ్రుతి గురించి కూడా చిన్నగా. మామూలుగా తీగలు లావు నుంచి సన్నానికి ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ. ఫింగర్‌స్టైల్ వాళ్ళు దీన్ని తెగ మారుస్తారు. బాగా పాపులర్ అయింది డీ, ఏ, డీ, జీ, ఏ, డీ, కలిపి డాడ్‌గాడ్ అంటారు. దీన్ని 1960ల మొదట్లో ప్రచారంలోకి తెచ్చింది ఇంగ్లండ్‌కి చెందిన డేవీ గ్రాహమ్, మొరాకో వెళ్ళొచ్చిన ప్రభావం అది. ఫ్రాన్స్‌లో పియర్ బెన్సూసాన్ అయితే తన సంగీతమంతా దీంట్లోనే కట్టుకున్నాడు. ఈ శ్రుతిలో తీగలన్నీ ఓపెన్‌గా మీటితే మేజర్ కాదు, మైనర్ కాదు, ఎందుకంటే గాంధారం లేదు, స, మ, ప మాత్రమే ఉన్నాయి. తంబూరా విన్న చెవికి ఇది వెంటనే ఇంటికొచ్చినట్టుంటుంది, మోహనమో హంసధ్వనో దీంట్లో ఒకసారి తడిమి చూడండి, సరదాగా ఉంటుంది. అయితే కొత్త శ్రుతి పెట్టి నాలుగు ఓపెన్ తీగలు మోగిస్తే ఎవరు వాయించినా బాగానే ఉంటుంది, కాబట్టి దానికే పడిపోకండి.

రికార్డింగ్ మోసాలు కూడా చూసుకోవాలి. పికప్‌లోంచి (గిటార్‌కే బిగించిన మైక్ లాంటిది) తీసి మీద దండిగా రివర్బ్ (గదిలో మారుమోగినట్టు చేసే ఎఫెక్ట్) పోస్తే ఎవరి తప్పులైనా మునిగిపోతాయి, కంప్రెసర్ (సౌండ్ ఎక్కువ తక్కువల్ని సమం చేసేది) వేస్తే మెత్తగా కొట్టినదీ గట్టిగా కొట్టినదీ ఒకటైపోతాయి, అంటే మనం ఇందాక మాట్లాడుకున్న రెండో సంగతి మొత్తం మాయం. గదిలో మామూలు మైక్‌తో తీసిన వీడియోలు వెతకండి. వాటిల్లో చెయ్యి జరిగినప్పుడు లావు తీగల మీద కీచుమని చప్పుడు వస్తుంది, అది తప్పు కాదు, కొద్దిగా ఉంటే పర్లేదు.

ఇక మీరు నేర్చుకోవచ్చా అంటే, బ్రహ్మాండంగా. మీ డౌన్ డౌన్ అప్ అప్ డౌన్ అప్ స్ట్రమ్మింగ్ వల్ల ఎడమచెయ్యి ఇప్పటికే తయారైంది, కుడిచెయ్యి మాత్రం మొదటి నుంచి మొదలెట్టాలి. కొన్ని వారాలు బొటనవేలు ఒక్కటే వాయించండి, బోర్ కొడుతుంది, కొట్టనివ్వండి. ఇంట్లో వాళ్ళు ఏదో అడిగితే జవాబు చెప్తూ కూడా బొటనవేలు ఆగకుండా నడిచిందంటే అప్పుడు పైతీగ మీద ఒక్క నోట్ కలపండి, ఒక్కటే. తెలుగు పాట అరేంజ్ చేసుకునేటప్పుడు సింగర్ పాడిన శ్రుతినే పట్టుకుని వేలాడకండి, బాస్ నోట్లు ఓపెన్ తీగల మీద పడే కీ (శ్రుతి) ఎంచుకుని కాపో (ఏదో ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కి ఉంచే క్లిప్) పెట్టుకోండి, పాట ఈ ఫ్లాట్ (E♭) కీలో ఉంటే ఒకటో ఫ్రెట్‌లో కాపో పెట్టి డీ షేపులు వాయించండి, ప్రాణం హాయిగా ఉంటుంది.

గిటార్ కొత్తది ఇప్పుడే కొనొద్దు. ఫింగర్‌స్టైల్ గిటార్లకి నట్ (నెక్ పైకొసన తీగలు ఆనే పట్టీ) వెడల్పు 44.5 మిల్లీమీటర్లు దాకా ఉంటుంది, మామూలువి 43 దగ్గర ఉంటాయి, ఆ మిల్లీమీటరున్నర తేడా నిజంగానే తెలుస్తుంది గానీ మొదటి ఏడాది అదేం అడ్డం కాదు. ఉన్నదానికే యాక్షన్ (ఫ్రెట్ల మీద నుంచి తీగల ఎత్తు) తగ్గించి సెటప్ చేయించండి, 12 గేజ్ (తీగ మందం) తీగలుంటే 11కి మారండి. మణికట్టులో నొప్పి వస్తే ఆపేయండి, మొండిగా వాయించొద్దు. అమెరికన్ గిటారిస్టు లియో కాట్కీ అంతటివాడు ఫింగర్‌పిక్స్ (వేళ్ళకి తొడిగే పిక్‌లు) వేసుకుని దంచి దంచి 1980ల్లో చేతి టెండన్స్ పాడుచేసుకుని, పద్ధతి మొత్తం మార్చుకోవాల్సి వచ్చింది. గోళ్ళ సంగతైతే కుడిచేతికి కాస్త పెంచండి, వేలి కొస దాటి ఒకటిన్నర రెండు మిల్లీమీటర్లు చాలు, ఎడమచేతివి పూర్తిగా తీసేయండి. గోరు తీగకి తగిలే అంచు నున్నగా లేకపోతే సౌండ్ గీరినట్టొస్తుంది, సన్న ఎమెరీ పేపర్ ముక్క ఒకటి గిటార్ కేసులో పడేసుకోండి. ఒక చేతికే గోళ్ళేంట్రా అని ఇంట్లో అడుగుతారు, దానికి జవాబు మీరే చూసుకోండి.